గంగ ఒంట్లోంచి సీసం దిగిన ఏడు

వలకి కట్టే సీసం పసిపిల్లల మెదడుని తింటుంది. ఈ ఒక్క ముక్క చెప్పడానికే ఇదంతా చెప్పి రాయిస్తున్నాను. వలలు కట్టుకునే ఇళ్లవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే చాలు, మిగిలింది చదవకపోయినా నాకు కోపం లేదు. చదివితే మరీ మంచిది. మా ఇంట్లో జరిగింది మీ ఇంట్లో జరగదని ధీమాగా ఉండకండి. మేమూ అలాగే ఉన్నాం.

మాది బందరు పక్కన ఒక పాలెం. నా కొడుకు పోతురాజు వేటకి వెళ్తాడు. కోడలు మంగ దివిసీమ పిల్ల, అవనిగడ్డ దాని పుట్టిల్లు. నేను గంప నెత్తిన పెట్టుకుని బందరు వీధుల్లో చేపలు అమ్మేదాన్ని. గంగ నా మనవరాలు. అప్పటికి దానికి మూడో ఏడు నడుస్తోంది. మాటలు తొందరగా వచ్చాయి దానికి. నేను గంప ఎత్తుకోగానే గుమ్మంలో నిలబడి నా చేపల అరుపు నాకే అరిచి వినిపించేది. గొంతు కూడా నాదే, బొంగురుది. "ముసల్దానికి పోటీ వచ్చిందిరోయ్" అని పాలెమంతా నవ్వేవాళ్లు.

శ్రావణం

ఆ ఏడు శ్రావణంలో వాన పట్టుకుంటే వదల్లేదు. సముద్రం పొంగి పడవలు కదల్లేదు. వేట లేని రోజుల్లో మావాళ్లు కొత్త వలలు కట్టుకుంటారు. వల అంచుకి సీసం గుళ్లు ఉంటేనే అది మునిగి నిలబడుతుంది. ఆ సీసం ఎవరింట్లో వాళ్లు కరిగించి గుళ్లు పోసుకుంటారు. మామూలుగా అయితే బయట ఇసకలో పొయ్యి పెడతారు. ఆ వానకి బయట పొయ్యి ఎక్కడ వెలుగుతుంది? పోతురాజు ఇంట్లోనే, అన్నం వండే పొయ్యి మీదే కరిగించాడు.

అదొక్కటే కాదు. కొట్లో సీసం దొరక్క, గుడివాడలో లారీల షెడ్డు నుంచి పాత బ్యాటరీలు మోసుకొచ్చాడు. వాటిని పగలగొడితే లోపల సీసం పలకలు ఉంటాయి. పలకలు దులిపితే బూడిదలాంటి పొడి రాలేది. నేలంతా అదే. గంగ ఆ నేల మీదే ఆడుకుని, పడుకుని, అన్నం మెతుకులు ఏరుకు తినేది. బ్యాటరీల పెట్టెలు నల్లగా గట్టిగా ఉండేవి. తడి పుల్లలు మండక మంగ ఆ ముక్కల్ని పొయ్యిలో పెట్టి చూసింది.

"నూనె పోసినట్టు మండుతున్నాయత్తా!" అని సంబరపడింది.

నేనూ సంబరపడ్డాను. ఆ పొగలోనే కూర్చుని అన్నాలు తిన్నాం.

మావాళ్లలో ఒక ఆచారం ఉంది. కొత్త వలకి పోసిన మొదటి గుండుని ఇంట్లో అందరికంటే చిన్నబిడ్డ మొలతాడుకి కడతారు. వలని నిలబెట్టేది బిడ్డనీ నిలబెడుతుందని, ఆ బిడ్డ జోలికి సముద్రం రాదని నమ్మకం. పోతురాజుకి కట్టారు, వాళ్ల నాన్నకీ కట్టారు. గంగకీ కట్టాం. అది మొలతాడు పైకి లాక్కుని ఆ గుండుని చప్పరిస్తూ ఆడుకునేది.

మొదట అన్నం మానేసింది. కడుపు పట్టుకుని ఏడ్చేది. విరేచనం అయ్యేది కాదు. ఆముదం పట్టించాం. కడుపులో ఏలికపాములున్నాయని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు అన్నారు. పాములకీ మందు వేశాం, దిష్టీ తీశాం. పిల్ల మొహం ఉప్పునీళ్లలో నానిన గుడ్డలా తెల్లబోయింది. ఒక పొద్దున్న నేను ఎండుచేపల గంప ఎత్తుకున్నాను. అది గుమ్మంలోనే కూర్చుని ఉంది. నా వంక చూడను కూడా చూడలేదు. అరుపు లేదు. ఆ రోజు నేను వీధుల్లో తిరిగానే గాని చేపలు సరిగ్గా అమ్మలేదు. ఎవరేం అడిగారో కూడా నాకు వినపడలేదు.

భాద్రపదం

వినాయక చవితి వెళ్లిన తరవాత ఫిట్సు వచ్చింది. కళ్లు పైకి తిరిగి, కాళ్లూ చేతులూ కొట్టుకుని, నోట్లోంచి నురగ. మంగ కేకకి పాలెమంతా వచ్చింది. నాగదోషం అన్నారు. మోపిదేవి గుడికి వెళ్లాం. స్వామిని నేనేమీ అనను. ఆయన ముందు కూర్చున్నంతసేపూ నా గుండె కుదురుగా ఉంది, అంతవరకూ ఆయన చేసినట్టే. తిరుగు బస్సులో పిల్లకి మళ్లీ ఫిట్సు వచ్చింది. డ్రైవరు బస్సు ఆపాడు. ఎవరో ఆవిడ తన కొంగు తడిపి పిల్ల మొహం తుడిచింది. ఆవిడెవరో ఇప్పటికీ తెలీదు.

బందరులో చూపించాం. ఫిట్సుకి మందు ఇచ్చారు. మందు వేస్తే నిద్రపోయేది, లేస్తే ఎవర్నీ గుర్తుపట్టేది కాదు. ఇంట్లో మాటలు పెరిగాయి.

"మట్టి తింటుంటే చూడకుండా ఏం చేస్తున్నావే?" అన్నాను మంగని.

"నీ కొడుకు ఇల్లంతా చెత్త పోస్తుంటే నేను మట్టినే చూడాలా, పొయ్యినే చూడాలా?" అంది. అత్తనని కూడా చూడలేదు. పోతురాజు వానలో బయటికి వెళ్లి పడవ పక్కన కూర్చున్నాడు. ముగ్గురం మూడు వైపులా ఉన్నాం. పిల్ల మధ్యలో ఉంది.

గుడివాడలో పిల్లల డాక్టరు ఒకాయన ఉన్నాడని చెబితే రైలెక్కాం. ఆయన దగ్గర వరండాలో ఇటునుంచి అటు దాకా తల్లులే. ఒక్కో బిడ్డ ఏడుపు ఒక్కో రకం. మా గంగ ఒక్కతే ఏడవడం లేదు. నాకు అది చూసే భయం వేసింది. ఉయ్యూరు నుంచి వచ్చిన ఒకావిడ చాలాసేపు మా పిల్ల వంకే చూసి లేచింది.

"మా వాడికి దగ్గేనమ్మా. ముందు మీరు వెళ్లండి," అంది.

డాక్టరు పెద్దవయసాయన. పిల్ల పెదవి ఎత్తి చిగుళ్లు చూశాడు. చెయ్యి ఎత్తి వదిలాడు. అది మణికట్టు దగ్గర వేలాడిపోయింది.

"ఇంట్లో ఏం పని చేస్తారు?" అని అడిగాడు.

"వేటండి," అన్నాడు పోతురాజు.

"చేపలతో ఇలా అవదు. ఇంకేం చేస్తారు?"

"ఏం చేస్తామండి... వలలు కట్టుకుంటాం."

"దేంతో?"

"నూలుతోటండి. గుళ్లు సీసంతోటి."

ఆయన కలం కింద పెట్టేశాడు. ఎక్సురే తీయించాడు. కిటికీ వైపు పట్టుకుని మాకు చూపించాడు. నల్లటి అట్ట మీద నా మనవరాలి కడుపు. అందులో తెల్లటి రవ్వలు, ఎవరో నూకలు చల్లినట్టు. మోకాళ్ల దగ్గర ఎముకలకి తెల్లటి పట్టీ.

"ఈ రవ్వలేంటో తెలుసా?" అన్నాడు.

పోతురాజు దగ్గరికెళ్లి చూశాడు. "మా సీసమండి," అన్నాడు.

డాక్టరు మెత్తగా ఏమీ చెప్పలేదు. నాకు అదే నచ్చింది. పెద్దవాళ్ల ఒంట్లో చేరితే కడుపునొప్పి, నీరసం అంటూ తిరుగుతారు. పిల్లల సంగతి వేరు అన్నాడు. "ఈ వయసులో మెదడు ఇంకా అల్లుతున్న వల. సీసం ఆ అల్లికలోకి వెళ్లి ముళ్లు తెంపుతుంది. ఇప్పటికే ఎన్ని తెంపిందో నేను చెప్పలేను. ఇకమీదట తెంపకుండా ఆపాలి."

"మందుందాండీ?" అంది మంగ.

"ఉంది. ఇక్కడ లేదు, మద్రాసు నుంచి రావాలి. సూదిమందు. అది నెత్తుట్లోకి వెళ్లి సీసాన్ని పట్టుకుని ఉచ్చలో బయటికి తెస్తుంది."

"వల వేసి లాగినట్టాండీ?" అన్నాను నేను.

"అంతే. లాగేటప్పుడు మాత్రం పిల్లకి నొప్పి. ఓర్చుకోవాలి. మీరు ఓర్చుకోవాలి," అన్నాడు నా వంక చూసి.

ఆ మందు కోసం కాచుకుని కూర్చున్నాం. పిల్లని పక్కనే ఉన్న ఆసుపత్రిలో చేర్చారు. మొలతాడు కత్తిరించి, గుండుతో సహా అవతల పారేశారు. కడుపులో ఉన్న సీసం పోవడానికి ఎనిమా ఇచ్చారు. ఆ పూటే పిల్లకి మళ్లీ ఫిట్సు వచ్చింది, ముందుకంటే గట్టిగా. వచ్చిన ప్రతి రైలుకీ పోతురాజు స్టేషనుకి వెళ్లి నిలబడేవాడు. పార్శిలు ఆఫీసు వాళ్లకి వాడి మొహం కంఠతా వచ్చేసింది. వాడు దూరం నుంచి కనపడగానే "రాలేదయ్యా, రాలేదు" అని చెయ్యి ఊపేవారట. ఒకరోజు చెయ్యి ఊపకుండా పెట్టె ఎత్తి చూపించారట. వాడు ఏడుస్తూ పరిగెత్తుకొచ్చాడు.

ఆ మందు కుళ్లిన వెల్లుల్లి వాసన. నూనెలో కలిపిన మందు, తొడలోకి లోతుగా పొడిచేవారు. ఇంకో మందు సెలైనుతో పాటు నరంలోకి. సూది పొడిచే వేళకి నేనూ మంగా పిల్ల కాళ్లు చెరొకటి పట్టుకునేవాళ్లం. వరండాలో ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోని మేం అక్కడ మాత్రం భుజం భుజం ఆనించుకుని నిలబడేవాళ్లం. పిల్ల ఒళ్లంతా వెల్లుల్లి కంపు కొట్టేది. ఉచ్చ అంతా సీసాల్లో పట్టమన్నారు, పారబోయకూడదు.

ఆ వార్డులో సువార్తమ్మ అని నర్సు ఉండేది. దివిసీమ పల్లెటూరి పిల్ల, కూలి చేసుకునే ఇంట్లో పుట్టి చదువుకుని పైకొచ్చింది. సీసా పట్టుకుని వెళ్తూ, "పెద్దమ్మా, మీ మనవరాలు ఇందులో ఒక వలకి సరిపడా గుళ్లు పోసింది!" అనేది. అలాంటి చోట నవ్వించడం తేలిక కాదు. నేను నవ్వితే మంగ నవ్వేది, మంగ నవ్వితే మాకు కాస్త అన్నం సయించేది.

మందు పని చేసింది. ఫిట్సు ఆగాయి. పిల్ల కళ్లు మనుషుల వెంట తిరగడం మొదలుపెట్టాయి. ఒకరోజు నా ముక్కుపుడక పట్టుకుని లాగింది. మందుకి కొన్నాళ్లు విరామం ఇచ్చి మళ్లీ మొదలుపెడతామన్నాడు డాక్టరు. ఆ విరామంలో పిల్ల మళ్లీ కుంగింది. నిద్ర, వాంతి, చేతులు వేలాడటం. డాక్టరు చూసి వార్డులో అందరి మీదా ఎగిరాడు.

"ఎక్కడి నుంచో మళ్లీ లోపలికి వెళ్తోంది. ఏం తెచ్చి పెడుతున్నారు దీనికి? ఇంటి నుంచి గిన్నెలేమైనా తెచ్చారా? బొమ్మలు?"

ఏమీ తేలేదన్నాం. నేను ఒట్టు కూడా వేశాను.

మర్నాడు సువార్తమ్మ పిల్లకి ఒళ్లు తుడుస్తూ ఆగిపోయింది. గౌను కింద కొత్త నల్లతాడు. దానికి సీసం గుండు. తడిగా ఉంది, నోట్లోంచి అప్పుడే తీసినట్టు.

"ఇదెవరు కట్టారు?" అంది. అరవలేదు, మెల్లిగానే అంది.

మంగ నా వంక చూసింది. నేను మంగ వంక చూశాను.

"నేనే," అన్నాడు పోతురాజు గుమ్మం దగ్గర్నుంచి. "మీరు తెంచిన పూటే బిడ్డకి ఫిట్సొచ్చింది. మందుతో బాగైంది, నిజమే. మందు ఆపారు. మరి ఇప్పుడు దీన్ని ఎవరు పట్టుకుంటారని కట్టాను. పడవ ఊగుతుంటే ఎవరైనా లంగరు తెంపుకుంటారా సిస్టరుగారూ?"

డాక్టరుతో చెబితే మమ్మల్ని ఇంటికి పంపేస్తాడు, నాకు తెలుసు. సువార్తమ్మ వెళ్లి చెప్పలేదు. పోతురాజు ఎదురుగా నిలబడి తన మెళ్లో గొలుసు పైకి తీసింది. చిన్న శిలువ.

"అన్నయ్యా, ఇది నాకు మా అమ్మ వేసింది. తీసెయ్యమంటే నేనూ పోట్లాడతాను. కాని ఇది బిడ్డ ప్రాణం తీస్తుందని తెలిస్తే నా చేత్తో నేనే తెంపేస్తాను. దేవుడు కోప్పడతాడా? నాకైతే అలా అనిపించదు."

వాడు కదల్లేదు. అప్పుడు నాకు కోపం ఆగలేదు.

"ఒరే పోతురాజూ, సీసం వలని నిలబెడుతుంది, కాదన్లేదు. ఎక్కడ నిలబెడుతుంది? నీళ్ల అడుగున! నా మనవరాల్ని అడుగున నిలబెడతావా?"

వాడు నా వంక చూశాడు. చిన్నప్పుడు నేను కొట్టినప్పుడు చూసే చూపు అది. దగ్గరికొచ్చి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. తాడు ముడి విప్పడానికి వేళ్లు ఆడలేదు. వేటలో ఎంత చిక్కు పడిన వలైనా చీకట్లో విప్పే చేతులవి. మంగ వంగి విప్పింది. ఆ గుండుని వాడే తీసుకెళ్లి ఎక్కడో పడేసి వచ్చాడు. ఎక్కడని మేం అడగలేదు.

ఆశ్వయుజం

మందు మళ్లీ మొదలైంది. మళ్లీ వెల్లుల్లి కంపు, మళ్లీ సీసాలు. దసరాకి ఊరంతా మేళాలు మోగుతుంటే మేం సూది దగ్గర కాళ్లు పట్టుకుని ఉన్నాం. ఈసారి మూడో వైపు పోతురాజు కూడా నిలబడ్డాడు.

ఒక మధ్యాహ్నం సువార్తమ్మ పళ్లెం పట్టుకుని వార్డులోకి వచ్చింది. గంగ దాన్ని చూసింది. "సూదొద్దు! పో!" అంది.

సువార్తమ్మ పళ్లెం కింద పెట్టి, "నన్ను తిట్టింది పెద్దమ్మా, నన్నే!" అని చప్పట్లు కొట్టింది. ఆ రోజు పిల్ల తిట్టని మనిషి లేదు. అందరం వరసగా వెళ్లి తిట్టించుకున్నాం.

ఇంటికి పంపే ముందు నేను డాక్టరుని పట్టుకున్నాను. "బుర్ర బాగుపడినట్టేనా బాబూ? దాచకుండా చెప్పండి."

"మాట వచ్చింది, నడక వస్తుంది. బుద్ధి సంగతి ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. బళ్లో వేశాక తెలుస్తుంది. కొందరు పిల్లలు బాగానే ఉన్నట్టుంటారు, అక్షరాల దగ్గర ఆగిపోతారు," అన్నాడు. "ఒకటి మాత్రం ఖాయం. ఆ ఇంట్లోకి మళ్లీ తీసుకెళ్తే నా దగ్గరికి రావద్దు."

అందుకని పిల్లనీ మంగనీ తీసుకుని నేను అవనిగడ్డ వెళ్లిపోయాను, మంగ అన్న ఇంటికి. సంతలో ఎండుచేపలు అమ్ముకుంటూ అక్కడే ఉన్నాం. పోతురాజు పాలెంలో ఒంటరిగా ఉండి, ఇంటి నేలంతా తవ్వి ఆ మన్ను దూరంగా గోతిలో పూడ్చాడు. పొయ్యి పగలగొట్టాడు. పాలెంలో వాళ్లు నవ్వారు. "మా తాత, మా అయ్య, మేం అందరం సీసంలోనే పుట్టాం, మాకేం కాలేదే!" అన్నారు. వాళ్లకి నా జవాబు ఇది: ఏమీ కాలేదని మీకెలా తెలుసు? మందకొడి బిడ్డ పుడితే ఖర్మ అన్నాం, ఫిట్సు వస్తే దోషం అన్నాం. వాళ్లలో ఎంతమంది సీసం తిన్న బిడ్డలో ఎవరు చూశారు?

సీసం కరిగించాలంటే ఇంటికి దూరంగా, గాలి వాలు చూసుకుని కరిగించండి. బ్యాటరీ పెట్టెలు పొయ్యిలో పెట్టకండి. వల తాడుకి బిగించడానికి గుళ్లు పళ్లతో కొరికి నొక్కకండి. ఆ బట్టలతో బిడ్డని ఎత్తుకోకండి. బిడ్డ మొలకి సీసం కట్టకండి. ఏదో ఒకటి కట్టాలనే ఉంటే గవ్వ కట్టండి, అదీ సముద్రానిదే.

బళ్లో వేశాక

గంగని అవనిగడ్డలోనే బళ్లో వేశాం. నా అసలు భయం అప్పుడు మొదలైంది. ఆసుపత్రిలో భయం కళ్లెదుట ఉండేది. ఇది కనపడని భయం. "బాగానే చదువుతోందండీ," అనేది పంతులమ్మ. ఆవిడ అందరికీ అదే మాట చెబుతుంది, నేను గుమ్మంలో నిలబడి విన్నాను. మంగకీ చదువు రాదు, నాకూ రాదు. పలక మీద పిల్ల ఏదో గీస్తుంది. అది అక్షరమో, కోడి గీతో మాకెలా తెలుస్తుంది?

ఒకటే దారి తోచింది. సాయంత్రం పిల్ల పక్కన కూర్చుని, "ఇవాళ ఏం చెప్పారో నాకు చెప్పవే," అన్నాను. దానికి వస్తేనే కదా నాకు చెప్పగలదు. అలా మొదలైంది నా చదువు. చేపలు కోసిన చేతులు బలపం పడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

కొన్ని రోజులు నా ప్రాణం నిలిచేది కాదు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేది. కళ్లు ఎటో చూసేవి. నిన్న వచ్చిన అక్షరం ఇవాళ వచ్చేది కాదు. కుడి చేతిలోంచి బలపం ఊరికే జారిపోయేది. ఆ ముళ్లు తెగిపోయాయేమోనని మనసులో అనుకునేదాన్ని. మంగ గుమ్మంలో నిలబడి నా మొహం చూసేది, నేను తల ఎత్తేదాన్ని కాదు. గంగ ఈడు పిల్లలు ముందుకు వెళ్లిపోయారు. ఒక తరగతి రెండుసార్లు చదివింది. లెక్కలు ఇప్పటికీ అంతంత మాత్రమే. దాచి ఏం లాభం?

ఇప్పుడు రెండో తరగతి. మొన్న సాయంత్రం ఒక పాఠం చదివించింది నాచేత. నేను ఒక మాట దగ్గర తడబడ్డాను. మళ్లీ చదివాను, మళ్లీ తప్పు. మూడోసారీ తప్పే. గంగ పుస్తకం నా ఒళ్లోకి తోసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నిన్న చెప్పాను, మొన్నా చెప్పాను. నీ బుర్రకి ఏమీ ఎక్కదే నాయనమ్మా! మా తరగతిలో ఉంటే నువ్వే అందరికంటే మొద్దువి!"

వంటింట్లోంచి మంగ గరిటె పట్టుకుని వచ్చింది. "పెద్దదాన్ని అంత మాటంటావా? నోరుంది గదా అని..."

నేను మంగ గరిటె చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఊరుకోవే," అన్నాను. "ఇంకోసారి అనమను."